కంటికీ ముక్కుకూ నడుమ

(కర్నూలులో శీతకాలపు నీటిపక్షుల లెక్కింపుకు ముందురోజు సాయంత్రం, అందులో పాల్గొనే వారి కోసం జరిగిన సమావేశంలో ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మూడేళ్ల కిందట, సంక్రాంతికి వారం ముందు, మా ఊరి నుంచి ఒక రైతు ఫోను చేశాడు. ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివిన పిల్లవాడే. ఇప్పుడు శనగ, జొన్న వేస్తున్నాడు. ‘టీచర్, మన చెరువులో హంసలు దిగాయి. వందకు పైనే ఉన్నాయి. మీరు వచ్చి చూడాలి’ అన్నాడు. వెంటనే ఫొటో కూడా పంపాడు. బూడిద రంగు ఒళ్లు, తెల్లని తల, తల వెనక రెండు నల్లని పట్టీలు, నారింజ పసుపు కాళ్లు. బార్ హెడెడ్ గూస్ అనే బాతులు. నేను ఏమాత్రం ఆలోచించకుండా ‘అవి హంసలు కావు నాయనా, బాతులు’ అని చెప్పాను. అటు వైపు గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. ‘సరే టీచర్’ అని ఫోను పెట్టేశాడు. ఆ మాట నేను అలా అని ఉండకూడదు. ఎందుకో తర్వాత చెబుతాను.

రేపు మనం హంద్రీ నదిపై ఉన్న గాజులదిన్నె జలాశయం మీద పక్షులను లెక్కపెట్టబోతున్నాం. అక్కడ అసలైన హంస ఒక్కటీ కనిపించదు. హంసలు మన దేశంలోకి రావడమే అరుదు. ఎప్పుడో ఒకటీ అరా దారి తప్పి వాయవ్య భారతంలో దిగుతాయి. మన కర్నూలు దాకా రావు. మరి ఈ సాయంత్రం హంసల గురించి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పిన నాకు పక్షిని ఎలా చూడాలో నేర్పినవి రెండు జాతుల హంసలు. అవి నేర్పినది రేపు మీకు హంద్రీ నీళ్ల మీద అక్షరాలా పనికొస్తుంది.

మా అమ్మాయి కాన్పుకు నేను అమెరికా వెళ్లాను. సియాటిల్ దగ్గర వాళ్ల ఇల్లు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఉన్నాను. అక్కడ చలికాలమంటే రోజుల తరబడి సన్నని వాన, నాలుగున్నరకే చీకటి. పసివాడు నిద్రపోయాక కిటికీ దగ్గర కూర్చోవడం తప్ప నాకు వేరే పని ఉండేది కాదు. పక్కింట్లో ఎనభైకి దగ్గరపడిన ఒక పెద్దాయన ఉండేవారు. ఏళ్లుగా హంసల లెక్కింపుకు వెళ్తున్న మనిషి. నాకు పక్షులంటే ఇష్టమని మా అల్లుడి ద్వారా తెలుసుకుని, ఒక శనివారం మమ్మల్ని తన వెంట తీసుకెళ్లారు. ఉత్తరాన వంద కిలోమీటర్ల దూరంలో స్కాజిట్ నది లోయ. మన కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద పొలాల్లాగే చదునైన నేల, కాలువలు, గట్లు. మొక్కజొన్న, బంగాళాదుంప కోతలు అయిపోయి పొలాలు తడిసి ఉన్నాయి. దూరంగా ఒక పొలం నిండా తెల్లగా ఏదో పరిచినట్టుంది. ఆదోని మార్కెట్టులో పత్తి కుప్పలు చూసిన కళ్లు కదా, నాకు పత్తే అనిపించింది. కారు ఆపాక ఆ పత్తిలోంచి మెడలు లేచాయి.

‘హంసలు!’ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, కాసేపు ఆగమన్నారు. దేనికో బెదిరి ఆ గుంపంతా ఒక్కసారిగా పైకి లేచింది. ప్రతి రెక్క కొసనా మసి అంటినట్టు నలుపు. అవి స్నో గూస్ అనే తెల్లబాతులు. రష్యా ఉత్తరాన రాంగెల్ దీవిలో పొదిగి, చలికాలానికి సముద్రం దాటి ఆ లోయకు వస్తాయి. ఆ ఖండంలోని హంసల రెక్కల్లో నలుపు ఉండదు, కొస దాకా తెలుపే. ఆ రోజు నేర్చుకున్న మొదటి సంగతి అది: తెలుపు చూసి పేరు పెట్టకూడదు, ఆ తెలుపు ఎక్కడ ఆగిపోతున్నదో చూడాలి.

అసలు హంసలు రెండు పొలాల అవతల ఉన్నాయి. అక్కడ రెండు జాతులు కలిసి మేస్తాయి. ఒకటి ట్రంపెటర్ హంస, రెండోది టండ్రా హంస. రెండూ మంచు తెలుపు, రెండింటికీ నల్లని ముక్కు, నల్లని కాళ్లు. పుస్తకంలో చదివితే తేడా చాలా సులువు. ట్రంపెటర్ పెద్దది, పది పన్నెండు కిలోలు తూగుతుంది, రెక్కలు చాస్తే రెండు మీటర్లు దాటుతుంది. టండ్రా చిన్నది, ఆరేడు కిలోలు. నేను టెలిస్కోపులో చూసి నోటుపుస్తకంలో రాశాను: పెద్దవి 14, ట్రంపెటర్, చిన్నవి 9, టండ్రా. ఆయనకు చూపించాను. ఆయన ఏమీ అనకుండా నన్ను మళ్లీ టెలిస్కోపు దగ్గర కూర్చోబెట్టి, చిన్నవి అని రాసిన తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా చూడమన్నారు. అరగంట పట్టింది. ఇరవై మూడూ ట్రంపెటర్లే. ఆడవి మగవాటికంటే కొంచెం చిన్నవి, కిందటి వేసవిలో పుట్టిన పిల్లలు ఇంకా చిన్నవి. కొన్ని మెడలు ముడుచుకుని కూర్చున్నాయి, కొన్ని మెడలు చాచి నిలబడ్డాయి. పక్కన కొలిచి చూసుకోవడానికి రెండో జాతి లేనప్పుడు పెద్దది, చిన్నది అన్న మాటలకు విలువ లేదు. అప్పటి నుంచి నేను పరిమాణాన్ని ఆఖరున రాసుకుంటాను. అది ఇతర గుర్తులకు సాక్ష్యంగా నిలబడితే సరే, తనంతట తాను తీర్పు చెప్పకూడదు.

మరి ఎక్కడ చూడాలి? కంటికీ ముక్కుకూ నడుమ. అక్కడ ఈకలు ఉండవు, నల్లని చర్మం మాత్రమే ఉంటుంది. రెండు జాతుల తేడా అంతా రెండు మూడు వేళ్ల వెడల్పు ఉన్న ఆ చోటే దాగి ఉంది.

ట్రంపెటర్‌కు ముక్కు నలుపు వెడల్పుగా వెనక్కి సాగి కంటిని తనలో కలిపేసుకుంటుంది. కాటుక చెదిరి కన్నంతా కమ్మినట్టు ఉంటుంది. దూరం నుంచి కన్ను ఎక్కడో తెలియదు. టండ్రాకు ఆ నలుపు కంటి దగ్గరికి వచ్చేసరికి సన్నబడుతుంది. కన్ను విడిగా, తెల్లని గుడ్డ మీద కుట్టిన నల్లపూసలా కనిపిస్తుంది. ఈ ఒక్క తేడా కంటికి అలవాటైతే సగం పని అయిపోయినట్టే.

తర్వాత పక్క నుంచి తల గీత. ట్రంపెటర్ నుదుటి నుంచి ముక్కు కొస దాకా గీత దాదాపు తిన్నగా వాలుతుంది, పూరింటి చూరు వాలినట్టు. టండ్రా తల గుండ్రం, ముక్కు పైభాగం మధ్యలో కొంచెం లోపలికి వంగుతుంది. మూడోది ఎదురుగా చూసినప్పుడు. నుదుటి మీది తెల్లని ఈకలు నల్లని ముక్కును కలిసే చోట ట్రంపెటర్‌కు అంచు మొనదేలి ఉంటుంది, నాగలి కర్రు మొనలాగా. టండ్రాకు ఆ అంచు గుండ్రంగా తిరుగుతుంది. వైష్ణవ నామాలు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. వడగలై నామం అడుగున ఎలా గుండ్రంగా వంగుతుందో, టండ్రా నుదురు అలా ఉంటుంది. నేను అక్కడ ఈ పోలిక పెద్దాయనకు వివరించడానికి కాగితం మీద నామం గీసి చూపించాను. ఆయన ఆ కాగితాన్ని తన పక్షుల పుస్తకంలో పెట్టుకున్నారు.

పుస్తకాలన్నీ మొదట చెప్పే గుర్తును నేను ఇంతవరకు చెప్పలేదు. కావాలనే వెనక్కి పెట్టాను. టండ్రా హంసకు కంటి ముందు, నల్లని చర్మం మీద, చిన్న పసుపు మచ్చ ఉంటుంది. ట్రంపెటర్‌కు ఉండదు. మచ్చ స్పష్టంగా కనిపిస్తే అనుమానమే అక్కరలేదు. చిక్కల్లా కనిపించనప్పుడే. కొన్ని టండ్రా హంసలకు ఆ మచ్చ మిణుగురంత ఉంటుంది, కొన్నింటికి అసలే ఉండదు. పైగా ఇవి బురదలో తలలు ముంచి దుంపలు తవ్వి తినే పక్షులు, ముఖమంతా మట్టి. ఇనుము ఎక్కువగా ఉన్న నీళ్లలో మేస్తే తల, మెడ తుప్పు రంగుకు తిరుగుతాయి. జనవరిలో ఒకరోజు పసుపు మచ్చ లేని ఒక హంసను చూసి నేను ధీమాగా ట్రంపెటర్ అన్నాను. అది మేత ఆపి తల మా వైపు తిప్పింది. నుదురు గుండ్రం, కన్ను విడిగా, ముక్కు మీద వంపు. టండ్రా. మచ్చ ఉంటే అది సాక్ష్యం. లేకపోతే, లేదన్నది దేనికీ సాక్ష్యం కాదు. పిల్లలూ, మీరు దయచేసి ఈ మాట రాసుకోండి. మన దగ్గర జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతాయి.

కింది ముక్కు అంచున ఎర్రని గీత ఉంటే ట్రంపెటర్ అని కొందరు చెబుతారు. ఆ గీత టండ్రాలో కూడా కనిపిస్తుంది. దాన్ని వదిలేయండి.

గొంతు మాత్రం మోసం చేయదు. ట్రంపెటర్ అరుపు లోతుగా, జాతరలో కొమ్ము ఊదినట్టు, ఒక్కొక్క ఊపుగా వస్తుంది. దాని పేరు కూడా అందుకే వచ్చింది. టండ్రా గొంతు అంతకంటే పైస్థాయిలో, బాతుల అరుపుకు దగ్గరగా ఉంటుంది. గుంపుగా అరిస్తే దూరపు సంతలోంచి గాలి మోసుకొచ్చే గోలలా వినిపిస్తుంది. పొగమంచులో ఏమీ కనబడని ఉదయాల్లో ఆ పెద్దాయన కారు అద్దం దించి, కళ్లు మూసుకుని వినేవారు. మా మనవడు కూడా ఒకరోజు మాతో వచ్చి, ట్రంపెటర్ కొమ్ము వినగానే ఏడుపు ఆపాడు. ఆ ఉదయాన్ని నేను మరిచిపోలేను.

చలికాలం చివరికొస్తే పిల్లలు కూడా సాయం చేస్తాయి. రెండు జాతుల పిల్లలూ మొదట బూడిద రంగే. టండ్రా పిల్లలు చలికాలం నడుస్తుండగానే తెల్లబడుతూ వస్తాయి. ట్రంపెటర్ పిల్లలు వసంతం దాకా ఆ బూడిద రంగును వదలవు. కాబట్టి మార్చిలో ఒక కుటుంబంలో ఇంకా బూడిద రంగు పిల్ల కనిపిస్తే ట్రంపెటర్ కుటుంబమై ఉండే అవకాశం ఎక్కువ.

ఐరోపా హంసల సంగతి కొంచెం చెబుతాను. అక్కడా ఇలాంటి జంటే ఉంది. వూపర్ హంస, బివిక్ హంస. బివిక్ మన టండ్రాకు చాలా దగ్గరి చుట్టం, రెండూ ఒకే జాతిలో రెండు ఉపజాతులని శాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది లెక్క. వీటికి ముక్కు మొదట పసుపు ధారాళంగా ఉంటుంది, గడపకు రాసినట్టు. వూపర్‌కు ఆ పసుపు కోసుగా సాగి నాసికా రంధ్రాన్ని దాటి ముందుకు వస్తుంది. బివిక్‌కు రంధ్రం చేరకముందే గుండ్రంగా ఆగిపోతుంది. ఇక మూడోది మ్యూట్ హంస. నారింజ ముక్కు, నుదుటి కింద నల్లని బుడిపె, వంపు తిరిగిన మెడ. మన క్యాలెండర్లలో చిత్రకారులు ఎక్కువగా గీసే హంస దీనికే దగ్గరగా ఉంటుంది. మ్యూట్ అంటే మూగది అని అర్థం కానీ అది బుసకొడుతుంది, గురకలాంటి శబ్దాలూ చేస్తుంది. ఎగిరేటప్పుడు దాని రెక్కలు పాడినట్టు మోగుతాయి.

ఈ బివిక్ హంసల దగ్గర ఒక మనిషిని తలచుకోవాలి. పీటర్ స్కాట్. దక్షిణ ధ్రువ యాత్రలో చనిపోయిన రాబర్ట్ స్కాట్ కుమారుడు. 1946లో ఇంగ్లండులోని స్లింబ్రిడ్జ్‌లో నీటిపక్షుల కోసం ఒక కేంద్రం స్థాపించారు. ఆయన ఇంటి కిటికీ ముందే కొలను. 1964 చలికాలంలో అక్కడికి వచ్చిన బివిక్ హంసల ముక్కులను గమనిస్తూ, ఏ రెండింటి పసుపు నలుపు కలయికా ఒకేలా లేదని కనిపెట్టారు. ఆయన చిత్రకారుడు కూడా. ఒక్కొక్క హంస ముఖాన్ని ఎదురుగా, పక్కగా గీసి, దానికొక పేరు పెట్టి ఉంచారు. మరుసటి ఏడాది ఆర్కిటిక్ నుంచి తిరిగొచ్చిన వాటిని ఆ బొమ్మలతో పోల్చి గుర్తుపట్టారు. ఏ జంట కలిసి ఉంది, ఏది తిరిగి రాలేదు, ఏది పిల్లలతో వచ్చింది అన్న చరిత్ర దశాబ్దాల తరబడి ఆ ముక్కుల బొమ్మల మీదే నిలబడింది. వేల కిలోమీటర్లు వెళ్లొచ్చిన పక్షిని కాలికి పట్టీ వేయకుండా, పట్టుకోకుండా, కేవలం చూసి పేరు పెట్టి పలకరించగలిగారు. పక్షుల అధ్యయనంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇది. చేతిలో పెన్సిలూ, కంటిలో ఓపికా ఉంటే మన చెరువు గట్టు మీద కూడా ఇలాంటి పని చేయవచ్చు.

ఇదంతా కేవలం సరదా కోసం అనుకోకండి. ట్రంపెటర్ హంస ఒకప్పుడు దాదాపు అంతరించింది. ఈకల కోసం, చర్మం కోసం పందొమ్మిదో శతాబ్దమంతా చంపారు. దాని రెక్క ఈకలతో రాసుకునే కలాలు చేసేవారు. 1930లు వచ్చేసరికి అలాస్కాను వదిలేస్తే అమెరికాలో మిగిలినవని తెలిసినవి 70కి లోపే. వాటి కోసం 1935లో మోంటానా రాష్ట్రంలో రెడ్ రాక్ సరస్సుల దగ్గర రక్షిత ప్రాంతం ఏర్పాటు చేశారు. తర్వాత అలాస్కాలో మరికొన్ని గుంపులు ఉన్నట్టు బయటపడింది. 1968లో ఖండమంతటా లెక్కిస్తే 3,722. 2015 లెక్కలో దాదాపు 63,000. ఈ అంకెలు నిజం కావాలంటే, ప్రతి లెక్కలోనూ ట్రంపెటర్‌ను టండ్రా అని, టండ్రాను ట్రంపెటర్ అని రాయనివాళ్లు ఉండాలి. టండ్రా లక్షకు పైచిలుకు ఉన్న జాతి. ఆ గుంపులో కలిసిపోయిన కొద్దిపాటి ట్రంపెటర్లను విడదీయలేకపోతే, కోలుకుంటున్నదో లేదో ఎవరూ చెప్పలేకపోయేవారు.

ఇంకొక కారణం ఉంది, చెప్పడానికి మనసు రాదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఇప్పటికీ టండ్రా హంసలను అనుమతి పత్రంతో వేటాడనిస్తారు. వేటగాడి తుపాకీ ముందు నుంచి ఎగిరేది టండ్రానో ట్రంపెటరో క్షణంలో తేలాలి. యూటా రాష్ట్రంలో వేటకు ముందు ఈ రెంటినీ గుర్తించే శిక్షణ తీసుకోవాలి. చంపిన పక్షిని అధికారులకు చూపించి ముక్కు కొలిపించాలి. పొరపాటున చనిపోయిన ట్రంపెటర్ల సంఖ్య పరిమితికి చేరితే ఆ ఏడాది వేట అంతటితో ఆపేస్తారు. 2019లో అలాగే గడువుకు ముందే ఆపారు. కంటికీ ముక్కుకూ నడుమ ఆ రెండు వేళ్ల చోటును సరిగా చూడలేకపోతే ఒక ప్రాణం పోతుంది. అసలు వేటే వద్దని నా అభిప్రాయం. కానీ ఆ వేట ఉన్నంతకాలం ఈ విద్య అక్కడ ప్రాణరక్షే. తుపాకీ గురి తప్పినా ముప్పు తప్పదు. పాతకాలపు సీసం గుళ్లు ఇంకా చెరువుల అడుగున ఉన్నాయి. నీటిపక్షుల వేటలో సీసాన్ని 1991లోనే దేశమంతటా నిషేధించినా, పొడవైన మెడతో బురద లోతుల్లోంచి గులకరాళ్లు ఏరుకునే హంసలు వాటితో పాటు ఆ గుళ్లనూ మింగి విషమెక్కి చనిపోతుంటాయి.

ఇప్పుడు రేపటి సంగతి. ఆసియా దేశాల్లో 1987 నుంచి ప్రతి జనవరిలో నీటిపక్షుల లెక్కింపు జరుగుతున్నది. మనం రాసే కాగితం కూడా అలాంటి లెక్కల్లో చేరుతుంది. గాజులదిన్నె ఒడ్డున మీకు కనిపించే తెల్లని పక్షులన్నీ మన ఇళ్లలో కొంగలే. అందులో కనీసం నాలుగు రకాలు ఉన్నాయి. నల్లని ముక్కు, నల్లని కాళ్లు, పసుపు వేళ్లు ఉంటే చిన్న తెల్లకొంగ. గేదెల వెంట తిరిగేది, పొట్టి మెడ, పసుపు ముక్కు ఉన్నది పశువుల కొంగ. ఈ రెండింటితో పేచీ లేదు. పేచీ అంతా పెద్ద తెల్లకొంగతో, మధ్యరకం కొంగతో. చలికాలంలో రెండింటికీ పసుపు ముక్కే. పెద్దది, చిన్నది అని మీరు రాయబోతారు, ఆగండి. టెలిస్కోపులో నోటి గీత చూడండి, ముక్కు మూసినప్పుడు పై ముక్కుకూ కింది ముక్కుకూ మధ్య కనిపించే సన్నని గీత. పెద్ద తెల్లకొంగకు ఆ గీత కన్ను దాటి వెనక్కి పోతుంది. మధ్యరకానికి కంటి కిందే ఆగిపోతుంది. స్కాజిట్ లోయలో నేను ట్రంపెటర్ కంటి దగ్గర నేర్చుకున్న చూపు ఇక్కడ అచ్చంగా పనికొచ్చింది. నీటికాకుల్లో కూడా అంతే. చిన్న నీటికాకికి పొట్టి ముక్కు, నిటారు నుదురు. ఇండియన్ నీటికాకికి సన్నని పొడవు ముక్కు, ఆకుపచ్చ నీలం కలిసిన కన్ను. కన్ను కనిపించేంత దగ్గరగా ఉంటే ఆ రంగు చూసి మురిసిపోతారు.

సూర్యుడు వెనక ఉండేలా నిలబడండి. ఎదురెండలో తెల్లని పక్షి అంచులు కరిగిపోతాయి, పసుపు మచ్చలూ గీతలూ మాయమవుతాయి. పదిన్నర తర్వాత నీళ్ల మీద ఎండ అల్లాడడం మొదలవుతుంది, అప్పుడు టెలిస్కోపులో చూసినది నమ్మకండి. ముఖ్యమైన లెక్క అంతా తొమ్మిదిన్నరలోపు ముగించాలి.

తేలని పక్షిని ఏం చేయాలి? నా నోటుపుస్తకంలో స్కాజిట్ నాటి పేజీలు ఇప్పటికీ ఉన్నాయి. చాలా చోట్ల ‘ట్రంపెటర్ లేదా టండ్రా, 31’ అని ఉంటుంది. పక్షి పరిశీలనలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో కూడా అలా రాయడానికి విడిగా చోటు ఉంది, కొంగలకు కూడా ఉంది. ఆ పెద్దాయన యాభై ఏళ్ల అనుభవంతో వారం వారం అలా రాసేవారు, ఏమాత్రం సంకోచం లేకుండా. రేపు మీ కాగితంలో ‘తెల్లకొంగ, రకం తేలలేదు, 40’ అని ఉంటే నేను మీ భుజం తడతాను. ఒక్క తేలని వరుస కూడా లేకుండా ఎవరైనా ఇస్తే, వారి పక్కన కూర్చుని ప్రతి అంకె ఎలా తెలిసిందో అడుగుతాను.

ఇక మా ఊరి రైతు సంగతి. ఆ ఫోను తర్వాత నాకు మనసు స్థిమితం లేక, హంస అనే మాట గురించి చదవడం మొదలుపెట్టాను. సంస్కృత ‘హంస’, లాటిన్ ‘అన్సర్’, జర్మన్ ‘గాన్స్’, ఇంగ్లీషు ‘గూస్’ అన్నీ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. ఆ మిగతా భాషలన్నింటిలో దానికి అర్థం గూస్ రకం బాతే. ప్రాచీన గ్రంథాల్లోని హంసల్లో చాలావరకు ఈ బార్ హెడెడ్ గూసే అని పండితులలో ఎంతోమంది అభిప్రాయం. ఆలోచించి చూడండి. వానమబ్బులు కమ్మేసరికి హంసలు మానస సరోవరానికి వెళ్లిపోతాయని, శరత్కాలంలో తిరిగొస్తాయని మన కవులు చెప్పేవారు. ఈ బాతులు టిబెట్, మంగోలియా సరస్సుల దగ్గర పొదుగుతాయి. హిమాలయాలు దాటి చలికాలం మొదట్లో మన దగ్గరకు వచ్చి, ఎండలు ముదరకముందే వెళ్లిపోతాయి. 7,000 మీటర్లకు పైన ఎగురుతుండగా పరికరాల్లో నమోదయ్యాయి. ఆ పలచని గాలిలోంచి ప్రాణవాయువును గట్టిగా పట్టుకునే గుణం వాటి రక్తానికి ఉంది. మంగోలియాలో మెడకు గుర్తు పట్టీలు వేసిన బాతులు దక్షిణ భారతంలో కనిపించాయి కూడా. మన గుళ్ల గోడల మీద వరుసగా చెక్కిన హంసలను చూడండి. లావుపాటి ఒళ్లు, పొట్టి మెడ, గట్టి కాళ్లు. నాకు వాటిలో ఐరోపా కొలనుల హంస కనిపించదు, మా ఊరి చెరువులో పచ్చిక మేసే ఈ పక్షే కనిపిస్తుంది.

కాబట్టి ఆ రైతు తన తాతల నుంచి వచ్చిన పేరుతోనే పిలిచాడు. నేను ఆంగ్ల పుస్తకంలోని పేరుతో అతణ్ణి సరిదిద్దాను. తర్వాతి ఆదివారమే ఊరికి వెళ్లాను. చెరువు కట్ట మీద ఇద్దరం కూర్చున్నాం. తల మీద రెండు పట్టీలు ఎలా చూడాలో నేను చూపించాను. అవి పగలు చెరువులో విశ్రాంతి తీసుకుని ఏ వేళకు మేతకు లేస్తాయో, ఏ పొలం మీదుగా వెళ్తాయో అతను చూపించాడు. ఇప్పుడు ప్రతి ఏడూ లెక్క అతనే పంపుతున్నాడు. కిందటి జనవరిలో వచ్చిన కాగితంలో ఇలా ఉంది: ‘హంసలు 86. కట్ట అవతల పొగమంచులో ఇంకొక గుంపు, ఏవో తేలలేదు.’

ఇంతే నేను చెప్పాలనుకున్నది. ఏమైనా అడగండి.

(సభలో నుంచి ఒక విద్యార్థిని: మేడమ్, రేపు అవి కనిపిస్తే కాగితంలో హంస అని రాయాలా, బార్ హెడెడ్ గూస్ అని రాయాలా?)

జాతి గడిలో బార్ హెడెడ్ గూస్ అని రాయమ్మా. అది చూసేవాళ్లకు ఏ పక్షో తెలియాలి, రాంగెల్ దీవి దాకా ఒకే మాట ఉండాలి. పక్కన విశేషాల గడి ఉంది కదా, అందులో ఊరివాళ్లు ఏ పేరుతో పిలుస్తున్నారో వాళ్లనే అడిగి, వాళ్లు చెప్పినట్టే రాయి. హంస అంటే హంస అని, ఇంకేదైనా అంటే అదే. వాళ్ల ఊరి పేరు కూడా రాయి.

(ఇంకొకరు: దూరంగా ఉన్న గుంపును ఎలా లెక్కపెట్టాలండీ?)

మొదట ఇరవై పక్షులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. ఆ ఇరవై ఎంత చోటు పట్టిందో కంటికి తెలుస్తుంది. అదే కొలతతో గుంపు చివరిదాకా జరుపుకుంటూ వెళ్లండి. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి. రెండు లెక్కలకూ తేడా ఎక్కువ వస్తే మూడోసారి. రేపు ఉదయం అయిదింటికి బస్సు బయల్దేరుతుంది. చలిగా ఉంటుంది, చెవులకు మఫ్లర్లు కట్టుకుని రండి. టెలిస్కోపులు నేను తెస్తాను.